రెండు వైర్లు కలిపితే ఏహెచ్‌యూ మాట్లాడేస్తుందా?

పెద్ద బిల్డింగుల్లో గాలిని చల్లబరిచి గదులకు పంపే యంత్రమే ఏహెచ్‌యూ. ఇలాంటివాటిని కంప్యూటర్ నుంచి నడిపే వ్యవస్థ బీఎంఎస్. ఆ బీఎంఎస్ పనులు చేసేవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "మోడ్‌బస్, బ్యాక్‌నెట్ రెండూ ఓపెన్ ప్రోటోకాల్సే. ఏ కంపెనీ ఏహెచ్‌యూ కంట్రోలర్‌కైనా రెండు వైర్లు కలిపి అడ్రస్, బాడ్ రేటు ఇస్తే పనైపోయినట్టే. కేబుల్ ఎలా లాగినా పర్వాలేదు. లైన్ సతాయిస్తే ప్రతి కంట్రోలర్ దగ్గరా 120 ఓమ్స్ రెసిస్టర్ పెట్టండి. ఐపీకి మారితే అసలు టెన్షనే లేదు."

ఇందులో నిజం మొదటి వాక్యం ఒక్కటే. మోడ్‌బస్, బ్యాక్‌నెట్ అనేవి కంట్రోలర్లు మాట్లాడుకునే భాషలు, ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చు.

ఓపెన్ అయితే వాటంతటవే అర్థం చేసుకుంటాయా? 1979లో మోడికాన్ తెచ్చిన మోడ్‌బస్‌లో కొలతలన్నీ ఉండేది 16 బిట్ల రిజిస్టర్లలో (విలువలు దాచే గడుల్లో), వాటికి ఉండేది నంబర్లే. ఏ నంబర్లో సప్లై గాలి టెంపరేచర్ ఉందో, ఏది ఫ్యాన్ స్పీడో కంపెనీ ఇచ్చే రిజిస్టర్ మ్యాప్ చూస్తేనే తెలుస్తుంది. మ్యాప్ చేతికొచ్చినా చిక్కు తీరదు. అందులో 40001 అని ఉన్నది లైన్ మీద 0గా వెళ్తుంది. ఆ ఒక్క అంకె తేడా చూసుకోకపోతే పక్క రిజిస్టర్ చదువుతూ కూర్చుంటాం. విలువ 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయితే రెండు రిజిస్టర్లు పడుతుంది, ఏ సగం ముందొస్తుందనేది కంపెనీకో రకం. ఆ రెండు సగాలూ తారుమారైతే 21.5 డిగ్రీలు స్క్రీన్ మీద 0.0 అయి కూర్చుంటుంది. సెన్సర్ పోయిందనుకుని కొత్తది తెప్పించేది ఇలాంటప్పుడే!

అడ్రస్, బాడ్ రేటు (డేటా వెళ్లే వేగం) చాలా? మోడ్‌బస్‌లో ప్యారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) కూడా కలవాలి. స్పెసిఫికేషన్ ప్రకారం డిఫాల్ట్ ఈవెన్ ప్యారిటీ, కానీ నో ప్యారిటీతో వచ్చే కంట్రోలర్లు బోలెడు. రెండు వైర్ల మీద నడిచే బ్యాక్‌నెట్ ఎంఎస్/టీపీలో మ్యాక్ అడ్రస్ (లైన్ మీద కంట్రోలర్ నంబర్) ఆ లైన్ వరకు వేరుగా ఉంటే చాలు. డివైస్ ఇన్‌స్టెన్స్ (బ్యాక్‌నెట్‌లో కంట్రోలర్ గుర్తింపు నంబర్) మాత్రం బిల్డింగ్ నెట్‌వర్క్ మొత్తంలో ఇంకెక్కడా ఉండకూడదు. రెండో ఫ్లోర్ కంట్రోలర్ సెట్టింగులు కాపీ చేసి మూడో ఫ్లోర్‌లో వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. లైన్ స్పీడ్ పెంచుదామని మ్యాక్స్ మాస్టర్‌ను (లైన్ మీద వెతికే అతిపెద్ద అడ్రస్‌ను) 20కి తగ్గించి, తర్వాత 30 అడ్రస్‌తో కొత్త కంట్రోలర్ పెడితే దాన్ని ఎవరూ పలకరించరు.

కేబుల్ ఎలాగైనా లాగొచ్చా? ఈ రెండు వైర్ల లైన్ (ఆర్ఎస్-485) ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి వరసగా వెళ్లాలి, ప్యానెల్ నుంచి నలుదిక్కులా కొమ్మలు వేయకూడదు. ఆ వైర్లకు ఉండే A, B గుర్తులు కొన్ని కంపెనీల్లో తిరగేసి ఉంటాయి, ప్లస్ మైనస్ చూసుకోండి.

రెసిస్టర్ సలహా అయితే మరీ ప్రమాదం. 120 ఓమ్స్ పెట్టాల్సింది లైన్ రెండు చివర్లలోనే, అప్పుడు లోడ్ 60 ఓమ్స్. ఇరవై కంట్రోలర్లకీ పెడితే 6 ఓమ్స్. 54 ఓమ్స్ లోడ్ లెక్కలో తయారైన డ్రైవర్ (సిగ్నల్ పంపే చిప్) దాన్ని ఎక్కడ లాగగలదు? సతాయించే లైన్ పూర్తిగా పడుకుంటుంది.

ఐపీ సంగతీ అంతే. బ్యాక్‌నెట్ ఐపీ డివైస్‌లను వెతికేది బ్రాడ్‌కాస్ట్‌తో (అందరికీ ఒకేసారి పంపే పిలుపుతో), మామూలుగా 47808 యూడీపీ పోర్టు మీద. రూటర్లు ఆ బ్రాడ్‌కాస్ట్‌ను దాటనివ్వవు. ఏహెచ్‌యూలు వేరే సబ్‌నెట్‌లో (రూటర్ అవతలి నెట్‌వర్క్‌లో) ఉంటే ఆ పిలుపును అక్కడికి చేరవేసే బీబీఎండీ పెట్టాలి. ఆ పోర్టు తెరవమని ఐటీ వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, కమిషనింగ్ రోజున అడిగితే దొరకరు.