పంచాంగం వింటాం, వీలునామా అంటే చెవులు మూసుకుంటాం

ఈసారి అమెరికాలో మా తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం ముప్పావుగంట సాగింది. ఎవరి రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని హాలంతా ఫోన్లలో రాసుకుంది. వ్యయం పద్నాలుగు పడినవారు నవ్వుతూనే కాస్త దిగులుపడ్డారు. ఆ తర్వాత కార్యక్రమ పత్రికలో ఆస్తులు, వీలునామాల మీద సందేహాలకు అరగంట కేటాయించారు. అది హాల్లో జరగలేదు. చీరల స్టాళ్లకూ చెప్పులు విడిచే చోటుకూ మధ్య వసారాలో కొన్ని కుర్చీలు వేశారు. ఇక్కడ న్యాయవాదిగా ఉన్న మన అమ్మాయి ఒకరు తన శనివారం వదులుకుని వచ్చింది. ఆమె నోరు విప్పిందో లేదో, భోజనాలు సిద్ధమని లోపల మైకు పిలిచింది. కూర్చున్న కొద్దిమందిలో సగం మంది లేచారు. భక్ష్యాలు చల్లారిపోతాయన్న వారి భయం నాకు అర్థమవుతుంది.

గుచ్చుకున్నది అది కాదు. చేతులు కడుక్కునే చోట కమిటీ పెద్ద ఒకరు నా భుజం తట్టి, "పండగ పూట చావు కబుర్లెందుకండీ? వచ్చే ఏడు ఇలాంటివి పెట్టొద్దని తీర్మానించాం" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఇక్కడ కన్నుమూసిన మనవాళ్లను ఊరికి పంపడానికి రాత్రుళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చున్నవారు. ఆ సాయంత్రం కూడా, చలికాలంలో రోడ్డు ప్రమాదంలో పోయిన మన సభ్యుడి కుటుంబం కోసం వేదిక మీద విజ్ఞప్తి చేసి కవర్లు తిప్పింది ఆయనే. అందరం వేశాం. ఆ మనిషి వీలునామా రాయలేదు. ఏ ఖాతా ఏ బ్యాంకులో ఉందో ఇప్పటికీ ఆ ఇల్లాలికి పూర్తిగా తెలియదు. కవర్లు తిప్పడానికి లేని అశుభం వీలునామాకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బోధపడలేదు.

కమిటీ మాటలో బొత్తిగా న్యాయం లేదని అనను. మూడు గంటలు కారు నడుపుకుని పిల్లలకు పట్టుబట్టలు కట్టి తెచ్చేది సంతోషం కోసమే. పైగా సంఘానికి సలహాలిచ్చే అధికారం లేదు, ఏదైనా తప్పు దొర్లితే చిక్కు. అదంతా నిజమే. అయినా ఆ తీర్మానాన్ని ఎందుకు వెనక్కి తీసుకోవాలో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు. కొంత వేరుశనగ పండే ఎర్రనేల, కొంత బోరు కింద చీనీ (బత్తాయి) తోట. మా అబ్బ, అంటే తాత, తన నలుగురు కొడుకులకు భూమి పంచిన కథ మా ఇంట్లో రామాయణం చెప్పినట్టు చెప్పేవారు. పెద్దమనుషులు వేపచెట్టు కింద కూర్చున్నారు. గట్లు నడిచి చూసి, రాళ్లనేల ఎక్కువ పడ్డవారికి బావి వైపు కొంచెం కలిపారు. నాలుగు చీటీలు రాసి, ఇంకా అక్షరాలు రాని పిల్లవాడి చేత తీయించారు. అంతా ఒక తెల్లకాగితం మీద రాసి వేలిముద్రలు, సంతకాలు వేశారు. అవ్వకు ఏడాదికి ఇన్ని బస్తాల కొర్రలు, రెండు చీరలు, ఇంత నూనె ఒక్కొక్క కొడుకు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. అవ్వ బతికినన్నాళ్లూ ఒక్క ఏడాది కూడా ఆ లెక్క తప్పలేదు. కరవు ఏడాది మా పెదనాయన కొర్రలు కొని మరీ కొలిచాడట. కోర్టు డిక్రీ ఇంతకంటే బాగా అమలు కావడం నేను చూడలేదు.

అదే కాగితంలో ఇద్దరు మేనత్తల గురించి ఒక్క వాక్యం ఉంది: "కూతుళ్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చివేసినందున వారికి ఏ హక్కూ లేదు." కింద వాళ్ల సంతకాలు లేవు. వాళ్లను పిలిచినట్టు కూడా ఎవరూ చెప్పలేదు.

మా నాయన పోయాక ఆ వాక్యం మళ్లీ పుట్టుకొచ్చింది. దినాలు ముగిసిన సాయంత్రం బంధువులంతా ఉండగానే దస్తావేజు లేఖరి ఒక కాగితం తెచ్చాడు. హక్కు విడుదల దస్తావేజు. అక్క తన భాగం నాకు వదిలేస్తున్నట్టు టైపు చేసి సిద్ధంగా ఉంది. ఎవరు చెప్పి రాయించారని అడిగితే ఎవరూ పలకలేదు. అలాంటివి మన వైపు ఎవరూ చెప్పకుండానే తయారవుతాయి. అంతా మంచి ఉద్దేశమే. తమ్ముడు మళ్లీ ఎప్పుడు వస్తాడో, తహసీల్దారు కార్యాలయంలో పేరు మార్పు అయిపోతే బాగుంటుంది కదా!

చిన్నాయన, "పెళ్లిలో అన్నీ ఇచ్చాం కదమ్మా, ఒక సంతకం పెట్టేయి" అన్నాడు. అక్క కళ్లజోడు తెచ్చుకుంది. "చదివి చెబుతాను చిన్నాయనా" అంది. వరండాలో అందరం అలాగే కూర్చున్నాం. టీ చల్లారింది. రెండో పేజీ దగ్గర ఆగి ఆమె ఒకే ప్రశ్న వేసింది. "ఇందులో నాకు రెండు లక్షలు ముట్టినట్టు రాశారు. ఎప్పుడిచ్చారు?"

లేఖరి దగ్గి, "అది మామూలుగా రాసేదే అమ్మా" అన్నాడు.

చివరి రెండేళ్లు నాయనను నార్పల నుంచి అనంతపురం ఆసుపత్రులకు తిప్పింది అక్క. మందుల చీటీలు ఆమె సంచిలోనే ఉండేవి. అవన్నీ తెలిసిన మనుషులే అక్కడ కూర్చున్నది. ఎవరి నోటా మాట రాలేదు. లోపలి నుంచి అమ్మే, "దాని భాగం దానికి రాయండి" అంది.

అనంతపురంలో ఒక వకీలు వేసిన లెక్క వినండి. నాయన సొంతంగా కొన్న నేల స్వార్జితం కాబట్టి అమ్మకు, అక్కకు, నాకు మూడో వంతు చొప్పున. అబ్బ నుంచి పంపకంలో వచ్చిన తోట పిత్రార్జితం. అందులో నాయన, అక్క, నేను సమాన హక్కుదారులం. నాయన మూడో వంతు మళ్లీ మా ముగ్గురికీ పంచాలి. అంటే తొమ్మిది భాగాల్లో నాలుగు నావి, నాలుగు అక్కవి, ఒకటి అమ్మది. దినాల నాడు అంతమంది పెద్దల్లో ఎవరూ ఈ లెక్క వేయలేదు. అమ్మకు సొంతంగా భాగం ఉందన్న ఊహే ఎవరికీ రాలేదు. అక్క భాగం రిజిస్టరయ్యాక చిన్నాయన కొన్నాళ్లు మా ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు అక్క తోటను కౌలుకు చేస్తున్నది ఆయనే. కాయలు మొదటి కోతకు వచ్చినప్పుడు ఒక సంచి ఆమె ఇంటికి పంపుతాడు.

ఈ హక్కు నిన్నమొన్న వచ్చింది కాదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లందరికీ అది వర్తించింది. దేశమంతటికీ, పెళ్లితో నిమిత్తం లేకుండా, అదే హక్కు రావడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా పట్టింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. ఏటా మే 28న, రామారావు పుట్టినరోజున, మన సంఘాల్లో ఆయన విగ్రహానికి, పటానికి పూలదండలు వేస్తాం, ఆడపడుచులకు ఆస్తిహక్కు ఇచ్చిన అన్నగారని ఉపన్యాసాలిస్తాం. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లి ఆ ఆడపడుచు చేతే విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుని వస్తాం. ఈ పత్రిక చదివే మగవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ పత్రం బీరువాలో ఉందో నేను అడగను.

తెల్లకాగితం మీద నాకు ఎంత మమకారం ఉన్నా, ఇప్పుడు దాని బలం తక్కువ. నోటిమాట పంపకాన్ని కోర్టు ఒప్పుకోవాలంటే దానికి ప్రభుత్వ రికార్డుల సాక్ష్యం గట్టిగా ఉండాలి. అన్నదమ్ములందరూ కేకవేస్తే పలికే దూరంలో బతికిన రోజులకు వేపచెట్టు సరిపోయింది. ఒకరు డల్లాసులో, ఒకరు బెంగళూరులో, ఒకరు ధర్మవరంలో ఉన్నప్పుడు సాక్షులు కూడా చెల్లాచెదురే.

నేను వకీలును కాను. అయినా వసారాలో ఆ అమ్మాయి చెప్పబోయి ఆగిపోయిన సంగతులు, తర్వాత ఫోనులో విన్నవి, కొన్నయినా ఇక్కడ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మైదుకూరు మిత్రుడి తండ్రి, గొడవలు రాకుండా బతికుండగానే కేసీ కాలువ కింది మడి అమెరికా కొడుకుకు దాన సెటిల్మెంటు రాసేద్దామనుకున్నారు. అది కుదరదు. విదేశాల్లో స్థిరపడిన మనం వ్యవసాయ భూమిని కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. ఆ దారి వీలునామాదే. అలా వచ్చిన భూమిని మళ్లీ అమ్మాలంటే భారతదేశంలో నివసించేవారికే అమ్మాలి.

నామినీ అంటే యజమాని కాదు. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, వారసులు వేరు. బీమాలో మాత్రం 2015 చట్ట సవరణ తర్వాత తల్లిదండ్రులో, భార్యో భర్తో, పిల్లలో నామినీలైతే ఆ డబ్బు వారికే చెందుతుందని రాశారు. ఇక్కడి పదవీ విరమణ ఖాతాల సంగతి దీనికి తలకిందులు. చాలా ఖాతాల్లో, అందులో రాసిన పేరుకే డబ్బు వెళుతుంది, వీలునామాలో ఏమున్నా ఆగదు. పెళ్లికి ముందు తమ్ముడి పేరో అమ్మ పేరో రాసి మరిచిపోయినవారు ఈ రాత్రే చూసుకోండి.

కర్నూలులో తల్లి, ఇక్కడ భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషి హఠాత్తుగా పోతే, బెంగళూరులో అతని పేరున ఉన్న ఫ్లాటు నాలుగు సమాన భాగాలవుతుంది. అందులో తల్లిది ఒకటి, తండ్రి బతికే ఉన్నా ఆయనకు ఏమీ రాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో భార్యాపిల్లలు ఉంటే తల్లికీ రాదు. పిల్లలు మైనర్లయితే ఆ ఫ్లాటులో వాళ్ల భాగం అమ్మడానికి భారతదేశంలో కోర్టు అనుమతి కావాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే కారులో పోతే పిల్లలను ఎవరు పెంచాలన్నది వీలునామాలో లేకపోతే ఇక్కడి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. అమ్మమ్మ తాతలు వీసా కోసం వరుసలో నిలబడి ఉండగా. దీనికంటే అశుభం నాకు తోచడం లేదు.

రెండు దేశాల్లో ఆస్తులున్నవారు రెండు వీలునామాలు రాయడం మంచిదే. కానీ రెండోదానిలో "ఇదివరకటి వీలునామాలన్నీ రద్దు" అన్న మామూలు వాక్యం దూరితే మొదటిది చచ్చిపోతుంది. ఇక ఊళ్లో తమ్ముడికి ఇచ్చిన పవరాఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషి పోయిన క్షణానే చెల్లదు. దాంతో ఆ తర్వాత చేసిన రిజిస్ట్రేషన్ల మీద కేసులు నడుస్తూనే ఉంటాయి. భారతదేశం నుంచి లక్ష డాలర్లు దాటి వారసత్వం వస్తే ఇక్కడి పన్ను శాఖకు 3520 అనే ఫారం మీద తెలపాలి. పన్ను ఉండదు, తెలపకపోతే జరిమానా భారీగా ఉంటుంది.

భారతదేశంలోని ఆస్తికి అక్కడ రాసే వీలునామాకు ఇన్ని చిక్కులు లేవు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రాసినవారు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మనసు మారితే మార్చుకోవచ్చు. తాతల ఆస్తిలో మాత్రం ఎవరి వాటా మేరకు వారే రాయగలరు.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్లేవారిని అడుగుతున్నాను. నాయన మంచం మీద ఉన్నారని ఆగిపోకండి. దరఖాస్తు పెట్టి రుసుము కడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికి వస్తారు. సాక్షులుగా ఆయన ఈడువారిని కాకుండా వయసులో చిన్నవారిని, ఊళ్లోనే ఉండేవారిని పెట్టుకోండి. అమ్మ ఉండే ఇల్లు అమ్మ పేరునే రాయమని మీరే చెప్పండి. కొడుకు నోటి నుంచి వస్తే పెద్దలు ఎదురు చెప్పరు. రాసింది అక్కాచెల్లెళ్లు, వదినలు కూర్చుని ఉండగా పైకి చదివించండి. నాయన ఇదివరకే పోయి ఉంటే, లేఖరి దగ్గరికి వెళ్లేముందు అక్క ఇంటికి వెళ్లండి. ఆమె వద్దంటే ఆ మాట ఆమే చెప్పాలి, కాగితం చదివి, తీరిగ్గా, మీ విమానం టికెట్టు తేదీతో సంబంధం లేకుండా. ముట్టని డబ్బు ముట్టినట్టు మాత్రం రాయించకండి.