అప్పడాల వారి ఇల్లు ఇదేనాండీ?

బరంపురంలో మా మావయ్యది అప్పడాల వ్యాపారం. మా బావ ఊరుకోక ఆయన పేరున లింక్డిన్‌లో ఖాతా తెరిచి, హోదా దగ్గర ‘ఫౌండర్ అండ్ సీఈవో’ అని పెట్టాడు. అంతే, దేశంలో అమ్మేవాళ్లందరికీ మావయ్య మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఉద్యోగస్థుల పరిచయాల కోసమని 2003లో మొదలైన సైటది. డబ్బు కట్టినవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లకైనా మెసేజ్ పెట్టొచ్చు. కట్టనివాళ్లు ముందు ‘కనెక్ట్’ అని చెయ్యి చాపాలి. మనం అందుకున్నామా, ఆ చేతిలోంచే బ్రోచరు బయటికొస్తుంది. ఒకడు మా ‘వర్క్‌ఫోర్స్’ హాజరుకి సాఫ్ట్‌వేర్ ఇస్తానన్నాడు. మా వర్క్‌ఫోర్స్ అంటే మేడమీద అప్పడాలు ఆరబెట్టే అత్తయ్య, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లు పక్కకెళ్లారో లేదో కాకులే పట్టేస్తాయి. ఇంకొకడు 15 నిమిషాల కాల్ అడిగాడు. పలక్కపోతే మళ్లీ గుర్తుచేశాడు, ఆపైన అలిగాడు. బావకి పిల్లనిస్తామన్నవాళ్లు కూడా ఇన్నిసార్లు తిరగలేదు.

"ఏట్రా ఈ గోల? వీళ్లలో మనిషెవుడో మిషనేదో ఎలాగ తెలుస్తాదిరా?" అన్నాడు మావయ్య.

బావ దగ్గర దానికో కిటుకుంది. పేరు గడిలో ఏది ఉంటే దాన్నే ఎత్తి అతికిస్తాయి ఈ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్లు. కొందరు పేరుకి ముందు ఓ చిన్న బొమ్మ పెట్టుకునేది అందుకే. బొమ్మతో సహా పలకరించిందంటే మిషనే. బావ బొమ్మతో ఆగే రకమా! మొదటి గడిలో ‘అప్పడాల’ అని కొట్టి, అసలు పేరు రెండో గడిలోకి తోసేశాడు.

"హాయ్ అప్పడాల, మీ ప్రయాణం నాకు స్ఫూర్తి" అంటూ వరస కట్టాయి. బావ ఒక్కొక్కదాన్నీ ‘ఇగ్నోర్’ కొట్టి, కింద ‘ఈ వ్యక్తి నాకు తెలియదు’ అన్నదాన్ని కూడా నొక్కి, వలలో చేప పడ్డట్టు కేకలేసేవాడు.

ఓ మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో దిగాడో పెద్దమనిషి. విజయనగరంలో కేటరింగు కాంట్రాక్టరట.

"అప్పడాల వారి ఇల్లు ఇదేనాండీ? ‘అప్పడాల గారికి నమస్కారం’ అని రాసి రిక్వెస్టు పెట్టానండి, ఉలుకూ పలుకూ లేదు. ఎలాగూ ఇచ్ఛాపురం దాకా పనుండి వచ్చాను కదాని ఇలా వచ్చేశాను. మా వీధిలో వంకాయల వారు, మిరియాల వారు ఉన్నారు గానీ, అప్పడాల వారిని చూడ్డం ఇదేనండి. సీజనంతా సరుకు కావాలి."

బావ ఏదో చెప్పబోయాడు. మావయ్య బల్లకింద నుంచి వాడి కాలు తొక్కి, రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"మేవేనండీ అప్పడాలోరం. ఏడు తరాల్నుంచీ అదే ఇంటిపేరు."