పెద్దాయన చెప్పు, మా చేతలు

మా సంస్థ పెద్దాయనకి జాతీయం పడకుండా వాక్యం పూర్తికాదు. అందులోనూ ఇంగ్లీషు జాతీయం. అందరికీ కలిపి ఆన్‌లైన్ సమావేశం పెట్టారు. నాలుగైదు భాషలవాళ్లం కాబట్టి భాషకొక దుబాసీ. దుబాసీ అంటే అదనంగా ఏదో ముట్టజెబుతారనుకునేరు! "మీకు తెలుగు వచ్చు కదండీ" అన్నారు. నా నియామకపత్రం అదే. ప్రసంగం ముందుగా పంపితే చూసుకుంటానన్నాను. "సార్ మనసులోంచి మాట్లాడతారండీ, కాగితం ఉండదు" అని ఆయన సహాయకురాలు చెప్పింది. మనసులో మాటకి కాగితం అడగడం నాదే తెలివితక్కువ.

లక్ష్యాలయ్యాయి, లెక్కలయ్యాయి. అదంతా ఎలాగో ఈదేశాను. అప్పుడు క్రమశిక్షణ వచ్చింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, చూపుడువేలు గాల్లోకి లేపి, "ఎవ్రీబడీ మస్ట్ టో ద లైన్" అని ఆగారు. ఆగి కెమెరాలోకి చూశారు. ఇక మీరు కానివ్వండి అని.

ఆయన ఆగడానికీ నేను నోరు తెరవడానికీ మధ్య రెండు మూడు సెకన్లు ఉంటుందేమో. అంతలోనే నా బుర్ర ప్రపంచయాత్ర చేసి వచ్చింది.

ముందు, అసలు ఆయన అన్నది ఏ 'టో'? చెవికి రెండూ ఒకటే. ఒకటి కాలివేలు, ఇంకోటి తాడు కట్టి లాగడం. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లే దీన్ని రాయాల్సి వచ్చినప్పుడు కాలివేలు మర్చిపోయి తాడు కట్టేస్తుంటారు. సరైనది కాలివేలే. పరుగుపందెంలో గీత దగ్గర నిలబడతారే, అలా వేళ్లు గీతకి ఆనించి నిలబడటం, అంటే చెప్పినట్టు నడుచుకోవడం. ఓడల మీద నావికుల్ని వరసలో నిలబెట్టేటప్పుడూ అంతే. డెక్కు చెక్కల సందుల్లో పీచు కూరి తారు పోస్తారు కదా, ఆ నల్ల చారే వాళ్ల గీత. బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో తివాచీ మీద రెండు ఎర్రగీతలున్నాయి. వాటి మధ్య రెండు కత్తుల ఎడం ఉంటుందనీ, సభ్యులు కత్తులు దూసుకోకుండా గీశారనీ, ఈ మాట అక్కడే పుట్టిందనీ ఒక కథ చెబుతారు. గీతలు నిజం. మాట అక్కడ పుట్టిందన్నది మాత్రం కట్టుకథ. కానీ నోరు తెరవాల్సిన సమయంలో నా బుర్రలో ఆ ఎర్రగీతలే మెరుస్తున్నాయి. అవసరానికి పనికిరాని చదువంటే ఇదే.

పోనీ మిగతా దేశాలవాళ్లు ఏం చేశారు? ఫ్రెంచివాళ్లు 'వేలికీ కంటికీ లోబడటం' అంటారు. వేలు చూపించనక్కర్లేదు, కన్ను తిప్పితే చాలు, పనైపోవాలి. జర్మన్లు ఎదుటివాడి పిల్లనగ్రోవికి గెంతుతారు. రష్యన్లు సన్నటి తీగ వెంబడి నడుస్తారు. ఇక జెసూయిట్లనే క్రైస్తవ సన్యాసుల గురువు ఇగ్నేషియస్ లొయోలా అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. పై అధికారి ఆజ్ఞ ముందు శిష్యుడు శవంలా ఉండాలన్నాడు. ఎటు తిప్పితే అటు తిరగాలి, ఎక్కడ పడుకోబెడితే అక్కడ ఉండాలి. జర్మన్లు దాన్నే ఒక్క మాటగా కుదించి 'కడావర్‌గెహోర్జామ్' అన్నారు. శవవిధేయత. కెమెరాలు ఆపేసుకుని పేర్లు మాత్రం వదిలివెళ్లిన మా సభ్యుల గళ్లను చూస్తే సరిగ్గా సరిపోయేది అదే. కానీ సమావేశంలో శవం మాటెత్తితే బావుండదు.

మనకి మాత్రం తక్కువా? విధేయత మీద తెలుగులో ఉన్నన్ని మాటలు విధేయులకి కూడా అక్కర్లేదు. అడుగులకు మడుగులొత్తడం అందామా అనుకున్నాను. ఇక్కడ మడుగంటే నీటిగుంట కాదు, బట్ట. నడిచే దారిలో కాలి కింద బట్టలు పరవడం. బావుంది, పైగా అందులో కాలు కూడా ఉంది. కానీ అది వినయం దాటి భజనలోకి దిగిపోతుంది. తానా అంటే తందానా అనడం? అది వంతపాట. నోరు కలిపితే చాలు, పని చేయక్కర్లేదు. మావాళ్లకి ఆ వెసులుబాటు ఇచ్చానో, అదే ఖాయం చేసుకుంటారు. గంగిరెద్దులా తలాడించడం, కీలుబొమ్మలా ఆడటం, ఇవన్నీ తిట్లు. జీతం తీసుకుంటూ జీతం ఇచ్చేవాడి ముందు అనకూడనివి. గీసిన గీత దాటకూడదు అంటే? గీత ఉంది, ఆజ్ఞ ఉంది, పోలిక కుదిరింది. అయితే వాళ్ల గీత దాకా వెళ్లి నిలబడాలి, మన గీతకి ఇవతలే ఉండిపోవాలి. పైగా మనవాళ్లకి గీత అనగానే లక్ష్మణరేఖ గుర్తొస్తుంది. వాల్మీకి రాయకపోయినా అది అందరికీ తెలుసు, దాటితే ఏమైందో కూడా తెలుసు. క్రమశిక్షణ గురించి చెప్పబోయి యుద్ధకాండ దాకా వెళ్లిపోతాం.

ఈలోగా పక్క చానళ్లలో పని అయిపోయింది. హిందీ ఆయనకి 'లకీర్ కా ఫకీర్' గుర్తొచ్చే ఉంటుంది. అందులో గీత ఉంది మరి. కానీ దాని అర్థం పాత గాడిని వదలని మొండిఘటం. పెద్దాయన ముందు ఆ మాట వేసుంటే ఆయన పనీ అయిపోయేది. తెలివైనవాడు, "అనుశాసన్ మే రహియే" అని మంచినీళ్లు తాగాడు. తమిళావిడ "సొన్న పేచ్చు కేక్కణుం" అంది. కన్నడాయన "హేళిదంతె కేళబేకు" అన్నాడు. చెప్పిన మాట వినండి. అంతే! జాతీయానికి జాతీయమే వడ్డించాలన్న పట్టుదల నాకొక్కడికే.

అప్పుడు తట్టింది. మైకు నొక్కి, గొంతు సవరించుకుని, నిండుగా అన్నాను: "అందరూ చెప్పుచేతల్లో ఉండాలి!"

మాట తప్పు కాదు, ఎవరితోనైనా వాదిస్తాను. చెప్పు అంటే చెప్పడం, చేతలంటే చేయడం. పైవాళ్లు చెప్పినట్టు, చేయించినట్టు ఉండటం. ఇంత చక్కటి మాట ఇన్నాళ్లూ నా నోట్లో ఊరికే పడుందే అని నాకు నేనే మురిసిపోతున్నాను. తెర కింద అక్షరాలు కదిలాయి.

మాట్లాడింది మాట్లాడినట్టు తెరమీద రాసే యంత్రం ఒకటి పెట్టారు ఈమధ్య. చెవిటివాళ్లకి ఉపయోగమన్నారు. సంతోషం. కానీ ఆ యంత్రానికే చెవుడని ఎవరూ చెప్పలేదు. 'త'కి ఒక కొమ్ము మొలిపించింది. మధ్యలో కాస్త ఖాళీ కూడా వదిలింది. తెరమీద నిలువెత్తున పడింది: "అందరూ చెప్పు చేతుల్లో ఉండాలి."

అంతటితో ఆగినా బావుండేది. పెద్దాయనకి తెలుగు రాదు కదా, ఆయన కోసం అదే యంత్రం దాన్ని వెంటనే తిరిగి ఇంగ్లీషులోకి తిప్పింది. ప్రతి ఒక్కరి చేతిలోనూ పాదరక్ష ఉండవలెను, అని.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివారు. మళ్లీ చదివారు. నా గుండె ఆగిపోయింది. చెప్పు చేతిలోకి తీసుకోవడం మన భాషలో విధేయత కాదు, దాని దగ్గరి చుట్టమూ కాదు. ఇక మాటలు చాలు అని చెప్పే పద్ధతి అది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "కాలివేలు నుంచి చెప్పుకి వెళ్లారు! ఎంత బావుందో చూడండి. చెప్పులు విప్పి చేత పట్టుకుని నిలబడటం. ఎంత వినయం!" అని ఇంగ్లీషులో మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. 'చెప్పు' అంటే ఏమిటని అడిగారు. మావాళ్లలో ఒకరు 'చెప్పడం' అన్నారు, ఇంకొకరు 'చెప్పు' అంటే చెప్పే అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు, అదే నా ఖర్మ. పెద్దాయన మాట ఒంటబట్టించుకుని, పిడికిలి బిగించి, కెమెరాలోకి గర్జించారు: "అందరూ! చేప్పు! చేతుల్లో!"

తెలుగు చానల్ అంతా నిశ్శబ్దం. తర్వాత ఒకరి వెనక ఒకరు మైకులు ఆపేసుకోవడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకోలేని మర్యాదస్తులంతా అదే పని చేస్తారు. గిడ్డంగిలో పనిచేసే ఒకాయన ఉన్నాడు. పై నుంచి మాట రావడమే ఆలస్యం, నెత్తిన పెట్టుకునే మనిషి. తెరమీద ఆయన గడిలో మొదట తల కిందికి వంగి మాయమైంది. కుర్చీ కిర్రుమంది. తర్వాత ఒక చెయ్యి పైకి లేచింది. చేతిలో చెప్పు. నల్లది, మడమ వైపు అరిగింది. దాన్ని కెమెరాకి సూటిగా, అంటే పెద్దాయన మొహానికి సూటిగా, పట్టుకుని ఎంతో భక్తిగా అడిగాడు: "ఎడమదా, కుడిదా సార్?"

నేను మైకు నొక్కాను. 'నిర్వాహకులు మిమ్మల్ని మ్యూట్ చేశారు' అని వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. నిర్వాహకురాలు ఎవరంటే, మనసులోంచి మాట్లాడతారని చెప్పిన ఆ సహాయకురాలే. సంభాషణ పెట్టెలో 'అది పాదరక్ష కాదండీ' అని టైపు చేశాను. దాన్ని కూడా యంత్రం ఇంగ్లీషులోకి తిప్పింది. ఎలా తిప్పిందో చూడకుండానే పెట్టె మూసేశాను. ఈలోగా పెద్దాయన చెప్పు పట్టుకున్న ఆ గడిని పెద్దది చేయించి, ఇదీ నిబద్ధత అంటే, అని తెరపటం తీయించారు. రేపు సంస్థ పత్రికలో ముఖచిత్రం అదేనట.

సాయంత్రం హిందీ ఆయన ఫోన్ చేసి ఓదార్చాడు. "మీరు ఊరికే చెప్పిన మాట వినండి అనేస్తే పోయేది కదండీ" అన్నాడు. అవునండీ, పోయేది. ఆ ముక్క మధ్యాహ్నమే చెప్పి ఉంటే ఇంకా బావుండేది.

సమావేశం నివేదిక కూడా ఇప్పుడు యంత్రమే రాసేస్తుంది. ఎవరేం మాట్లాడారో విని, ఎవరేం చేయాలో తనే పంచి, అందరికీ మెయిల్ కొట్టేస్తుంది. మనిషి చదివి సరిచేసే ఏర్పాటు ఉందా అని అడిగితే, అలా అయితే సమయం ఆదా కాదు కదా అన్నారు. ఇందాకే వచ్చింది. నా పేరు ఎదురుగా ఒక పని ఉంది: సిబ్బందికి చెప్పుల ఏర్పాటు, గడువు శుక్రవారం. దాని వెనకే భద్రతా విభాగం నుంచి ఇంకో మెయిల్. ఎవరెవరికి ఏ సైజో పట్టిక పంపాలట, మునివేళ్లు మూసి ఉండే రకమే కొనాలట.

అడిగినవాళ్లంతా సైజులు ఇచ్చేశారు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. పట్టికలో పెద్దాయనది ఒక్కటే ఖాళీగా ఉంది. ఆయన కాలి కొలత ఎంతని సహాయకురాలిని ఏ భాషలో అడగాలో అర్థంకాక కూర్చున్నాను.