రెండంగుళాల వినయం

మద్రాసులో అన్నీ వాటంతటవే కిందికి దిగుతాయి. బోరులో నీళ్ళు దిగుతాయి. ఇళ్ళు దిగుతాయి. 'మద్రాసు మనదే' అని గొంతు చించుకున్న తరానికి నగరం దక్కలేదు గానీ, మా నాన్నగారికి పశ్చిమ మాంబళంలో అర గ్రౌండు స్థలం దక్కింది. ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. ఇల్లేమీ కుంగలేదు. పాత తారు మీద కొత్త తారు, దాని మీద ఇంకో తారు పడీ పడీ వీధే ఎదిగింది. పాత పొర గీకిన తర్వాతే కొత్తది వెయ్యాలని ప్రభుత్వం ఆదేశాలిచ్చిన మాట నిజమే. ఆ ఆదేశాలింకా మా వీధి మలుపు తిరగలేదు.

ఇన్ని దిగుతున్న ఊళ్ళో దిగనిది ఒక్క కారే. ఆ లోటు తీర్చే బాధ్యత మా బావమరిది నెత్తికెత్తుకున్నాడు.

అతనిది 1969 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, మూడో మార్కు. ఏడొందల కిలోల పైచిలుకు బరువు, రెండే సీట్లు, గుడ్డ టాపు. అసలే అదెంత పొట్టిదంటే, సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన బస్సు చక్రం నట్లు అతని కళ్ళెదురుగా ఉంటాయి. అది చాలదట. ఇంకో రెండంగుళాలు దించాలట.

"బావా, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఆ ఖాళీ చూడు, పిల్లి దూరుతుంది" అన్నాడు. వానాకాలం పిల్లులకు మాత్రం చోటక్కర్లేదా అన్నాను. నవ్వలేదు. కారు ఎత్తు గురించి మాట్లాడేటప్పుడు మగవాళ్ళు నవ్వరు.

సరే, దించడమంటూ జరిగితే శాస్త్రోక్తంగా జరగాలని కుటుంబ సభలో తీర్మానించాం. ఇంగ్లండు నుంచి కాయిలోవర్లు తెప్పించాడు. కాయిలోవరంటే భయపడాల్సిందేమీ లేదు. షాకబ్జర్ గొట్టానికి బయట మర తీసి ఉంటుంది, ఆ మర మీద ఒక కాలర్, కాలర్ మీద స్ప్రింగు. కాలర్ కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. పెట్టె విప్పి, పసిపిల్లను చూపించినట్టు చూపించాడు.

నాకెక్కడో చూసినట్టనిపించింది. చూడకేం! షాకబ్జర్‌ను స్ప్రింగు మధ్యలో నిలబెట్టే ఈ ఏర్పాటు 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డుకి ముందు చక్రాల దగ్గర ఫ్యాక్టరీలోనే ఉంది. ఆ హెరాల్డుని కొట్టి పొట్టి చేస్తేనే స్పిట్‌ఫైర్ అయింది. రెండింటి ఒంటి తీరూ దిద్దినవాడు ఒకడే, ఇటలీ వాడు మికెలోట్టి. 1961 నుంచి ఆ హెరాల్డే స్టాండర్డు పేరుతో ఇక్కడ, మద్రాసు శివార్లలో తయారైంది. అందులో ఒకటి మా నాన్నగారిది. మేం నలుగురు పిల్లలం, ఒక పనసకాయ, రెండు ఆవకాయ జాడీలతో నెల్లూరు నుంచి కాయిలోవర్ల మీదే తిరిగొచ్చేవాళ్ళం. మాకు తెలియలేదంతే. తెలిస్తే అప్పట్లోనే ఫొటోలు దిగేవాళ్ళం.

చట్టం సంగతి మా మామగారు ఎత్తారు. ఆయన రిటైరైన వకీలు, కారు తోలడం రాదు. తయారీదారు చెప్పినదానికీ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ఆపైన యాభై ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న వింటేజ్ నంబరు కావాలంటే, అది పుట్టినప్పటి రూపంలోనే ఉండాలని 2021 నాటి నిబంధన. చాసిస్, బాడీ, ఇంజను మార్చకూడదని అందులో ఉంది, స్ప్రింగు మాట లేదని బావమరిది వాదన. "భార్యను కొట్టకూడదని రాసినచోట అత్తగారి పేరు లేదని అటు తిరుగుతావా?" అన్నారు మామగారు. వాదన అక్కడికి వాయిదా పడింది.

పుదుపేటలో మెకానిక్ సూళ్ళూరుపేటవాడు, మనవాడే. పెట్టె వైపు జాలిగా చూశాడు. "దీనికింత ఖర్చెందుకు సార్? ఉన్న స్ప్రింగుకే గ్యాసు పెట్టి రెండు చుట్లు కోసేస్తా. సాయంత్రానికి బండి తీసుకెళ్ళండి." ఈ దేశంలో దిగిన కార్లలో చాలావాటి జాతకం ఈ ఒక్క వాక్యంలో ఉంది. నిజానికి చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటుంది. పది చుట్లలో రెండు పోతే పావువంతు ఎక్కువ బిర్రు. గ్యాసు వేడికి దగ్గరి ఉక్కు పదును పోయి మెత్తబడుతుంది. ఒకే స్ప్రింగు ఒకచోట రాయి, ఇంకోచోట జిలేబీ. ఇదంతా నేను చెబుతుంటే ఓపిగ్గా విని, "మీరు టీచరా సార్?" అనడిగాడు.

చివరికి అతన్నే ఆదివారం ఇంటికి పిలిపించి, మా పోర్టికోలోనే ముహూర్తం పెట్టాం.

మొదటి పని పానా ముట్టుకోవడం కాదు, టేపు పట్టుకోవడం. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. అది రాసుకోకపోతే తర్వాత ఎంత దించావో నీకే తెలియదు. కొలిస్తే తేలిందేమిటంటే, యాభై ఏళ్ళుగా డ్రైవరు కూర్చుంటున్న కుడివైపు కారు తనంతట తానే ఎనిమిది మిల్లీమీటర్లు దిగి ఉంది. ఉచితంగా.

విప్పడం గురించి చెప్పుకునేదేం లేదు. తుప్పు, బూతులు, మధ్యలో టిఫిను. తొందరపడి పై నట్టుకి గాలి మిషను పెడితే కడ్డీ తిరిగిపోయి లోపలి సీలు పోతుంది, చేత్తోనే విప్పాలి. పనిలో పనిగా కింది ట్రనియన్‌లో, అంటే ముందు చక్రం తిరిగే కీలులో, గ్రీజు కొట్టబోయిన మెకానిక్ చెయ్యి పట్టుకున్నాను. దానికి వెయ్యాల్సింది గ్రీజు కాదు, చిక్కటి గేరు ఆయిలు. గ్రీజుతో అరిగి ఇరిగితే చక్రం దారి చక్రానిది, కారు దారి కారుది. హెరాల్డు కొడుకుని, ఆ మాత్రం నాకు తెలుసు.

బోల్టులు బిగించేచోట అసలు పాపం జరుగుతుంది. కారు జాకీల మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా, చక్రాన్ని పట్టుకునే చెయ్యిలాంటి విష్‌బోన్ బోల్టులు బిర్రుగా బిగిస్తే రబ్బరు బుష్షు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. కిందికి దించాక జీవితాంతం మెలితిరిగే ఉంటుంది, ఫొటోగ్రాఫరు తిప్పమన్నవైపే మెడ ఉంచేసిన పెళ్ళికొడుకులా. కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. మెకానిక్‌కి నచ్చలేదు. అప్పుడు బొజ్జతో కారు కిందికి దూరాలిగా మరి.

ఇక వెనక. అక్కడ కాయిల్ స్ప్రింగే లేదు. అడ్డంగా ఒకటే కమాన్ కట్ట, వెనక చక్రాలకు ఇంజను బలం పంచే డిఫరెన్షియల్ నెత్తిన కూర్చుని ఉంటుంది. నాలుగు మూలలా కాయిలోవర్లు కలగన్న బావమరిది ముఖం చూడాలి. ఆ కట్టకీ డిఫరెన్షియల్‌కీ మధ్య ఒక దిమ్మ పెడితే వెనక కూడా దిగుతుంది. చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, ఈ మొత్తం వ్యవహారంలో దించడానికి నిజంగా న్యాయం ఉన్నది ఇక్కడే. డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే కీలుండే ఆ పాత స్వింగ్ యాక్సిల్‌తో మలుపులో వేగంగా పోతూ యాక్సిలరేటరు వదిలేస్తే వెనక చక్రం కిందికి ముడుచుకుని కారు పల్టీకొట్టే ప్రమాదముంది. కొంచెం దించితే చక్రాల పైభాగం లోపలికి వాలి ఆ ముడుచుకోవడం తగ్గుతుంది. ఇది చెప్పగానే బావమరిది వీరుడిలా ఛాతీ విరిచాడు, ప్రాణరక్షణ కోసమే దించుతున్నట్టు.

అప్పుడొచ్చింది బరువుల ఘట్టం. ఎదురుమూలల జతలు రెండూ సమంగా తూగాలి. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, ఒక కాలర్ పైకి తిప్పితే ఆ మూలా దానికి ఎదురుమూలా బరువెక్కుతాయి, మిగతా రెండూ తేలికవుతాయి. డ్రైవరు సీట్లో ఉండగా తూచాలి. కానీ డ్రైవరే దిగొచ్చి కాటా చూడకపోతే నమ్మడు. అతని బరువు 82 కిలోలు. సీట్లోకి మూడు బియ్యం బస్తాలు ఎక్కించాం. పాతిక కిలోల బస్తాలనుకునేరు. పాతిక దాకా ప్యాకింగు బియ్యానికి 2022 జూలై నుంచి జీఎస్టీ ఉంది గనక ఇప్పుడొచ్చేవి 26. మూడు బస్తాలు 78. పైన నాలుగు కిలోల కందిపప్పు. సీటుబెల్టు పెట్టాం. మా ఆవిడ వాకిట్లోకొచ్చి చూసి, "తమ్ముడికంటే ఇదే బుద్ధిగా కూర్చుంది" అంది.

రెండంగుళాలు మాత్రం దిగలేదు. కారు నిలబడ్డాక షాకబ్జర్ కడ్డీ గొట్టంలోకి పోవడానికి ఎంత చోటు మిగిలిందన్నదే అసలు లెక్క. కడ్డీకి ఒక ప్లాస్టిక్ టై కట్టి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం. టై పైకి జరిగిన చోటు చెబుతుంది, ఎంత వాడుకున్నామో. రెండంగుళాలు దించినప్పుడు అది బంప్ స్టాపుకి అతుక్కుని ఉంది, అంటే కారు నడిచింది స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముక్క మీద. కారణం మా స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా వీధిది ఎత్తు మాత్రం పాటించింది. వెడల్పు దిండంత.

కాలర్లు పైకి తిప్పాం. మళ్ళీ టై, మళ్ళీ వీధి. మళ్ళీ తిప్పాం. స్ప్రింగు విష్‌బోన్ మధ్యలో ఉంటుంది గనక కాలర్ దగ్గర జానెడు తప్పుకి చక్రం దగ్గర బారెడు. అలైన్‌మెంటు షాపులో కంప్యూటరుకి స్పిట్‌ఫైర్ తెలియదు; ఆ కుర్రాడు మారుతీ 800 అని నొక్కి, అంతా ఎరుపే ఉందన్నాడు. ఇంటికొచ్చి దారం కట్టి మేమే సరిచేసుకున్నాం. హెడ్‌లైట్లు మళ్ళీ దిద్దుకున్నాం. మూడు వారాలు పట్టింది. అన్నీ సక్రమంగా, శాస్త్రోక్తంగా కుదిరాక కొలిస్తే కారు దిగింది ఇరవై మిల్లీమీటర్లు. మందపాటి ఊతప్పమంత.

పిల్లి ఇంకా దూరుతోంది. అయినా బావమరిది తృప్తిగానే ఉన్నాడు. కారు మలుపు తిరిగితే గీత గీసినట్టుందన్నాడు, సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు మీద తోలి నేనూ ఒప్పుకున్నాను.

ఆ మర్నాటి రాత్రే మా వీధికి తారొచ్చింది. గీకలేదు. పొద్దున టేపుతో కొలిస్తే నలభై మిల్లీమీటర్లు. ఇప్పుడు వీధి గట్టు మీదినుంచి పోర్టికోలోకి కారు ముక్కు దిగుతుంది, చక్రాలు దిగుతాయి, నడుం దగ్గర సైలెన్సరు గట్టు మీద కూర్చుని ఆగిపోతుంది. రెండు రాత్రులు బయటే పడుకుంది.

"పైకి తిప్పేద్దాం బావా" అన్నాడు పానా పట్టుకుని. తిప్పితే మూలల బరువులు మారతాయి, మళ్ళీ తూచాలి. మా ఆవిడను బస్తాలు అడిగాను. ఒకటి విప్పి వండేస్తున్నామంది. అందులో ఎంత మిగిలిందో కాటా మీద పెట్టి చూస్తే పధ్నాలుగు కిలోలు. మిగతా పన్నెండుకీ కందిపప్పు తెమ్మంటావా అని నన్నే చూస్తోంది.