స్వతంత్ర యాత్ర: అనుమతులు, జతపరచవలసిన పత్రాలు

ఎండలు ముదిరి, మధ్యాహ్నం పూట నల్లగొండ గడియారం సెంటర్ దాటాలంటే మనిషి రెండుసార్లు ఆలోచించే రోజులు వచ్చేసరికి, మన జిల్లా యువతలో స్వతంత్ర విదేశీ యాత్ర అనే ఆశయం మొలకెత్తుతోంది. జెండా పట్టుకున్న గైడు వెనక వరసగా నడవడం ఆత్మగౌరవానికి భంగమని, వీపున ఒక సంచి తగిలించుకొని మనసు ఎటు లాగితే అటు పోవడమే అసలైన ప్రయాణమని వారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కాకపోతే మనసు ఎటు లాగబోతోందో కొన్ని నెలల ముందే, తేదీలవారీగా, ఏ రాత్రి ఏ ఊళ్లో ఏ మంచం మీద పడుకుంటామో సహా లిఖితపూర్వకంగా తెలియజేయవలసి ఉంటుంది. ఆ విధివిధానాలు తెలియక మన పిల్లలు ఇబ్బంది పడకూడదనే సదుద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. ఐరోపాకు ఎప్పుడు పోవాలన్నది అతను నిర్ణయించుకోలేదు, పంచాంగం నిర్ణయించింది. మన దగ్గర వేసవి అంటే పెళ్లిళ్ల కాలం. చిన్నాయన కూతురి పెళ్లి ఎగ్గొట్టి పారిస్ పోయినవాడి పెళ్లికి రేపు పందిట్లో ఎవరుంటారు? అదృష్టవశాత్తు ఈ ఏడు, అంటే 2026లో, మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది. అధికమాసంలో ముహూర్తాలుండవు, కనుక ఆ నెలలో మనిషి దేశంలో లేకపోయినా బంధుత్వాలకు ప్రమాదం లేదు. ఐరోపా పర్యటనకు అనువైన కాలం ఏదో చెప్పే మార్గదర్శకాల్లో ఈ ముఖ్యమైన అంశాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం విచారకరం. మే 23 శనివారం నాడు బయలుదేరి జూన్ 7 ఆదివారం నాడు తిరిగి వస్తే పదహారు రోజులు. జూన్ 2 మంగళవారం తెలంగాణ అవతరణ దినోత్సవం కాబట్టి తొమ్మిది సెలవులతో పని జరిగిపోతుంది. ల్యాప్‌టాప్ వెంట ఉంచుకోవాలనీ, అత్యవసరమైతేనే ఫోన్ చేస్తాననీ అతని మేనేజరు ఉదారంగా అనుమతించాడు. ఏది అత్యవసరమో మేనేజరే నిర్ణయిస్తాడు.

పదహారు రోజుల్లో పది దేశాలు. నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, చెకియా, జర్మనీ, వీటితోపాటు వియన్నానుంచి గంటసేపు రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న పాపానికి బ్రాటిస్లావాను కలుపుకొని స్లొవేకియా. మా బావ పాతకాలపు మనిషి. "పది దేశాలెందుకురా, రెండు మంచిగ చూసి రారాదు?" అని అడిగాడు. "అంత దూరం పోయినంక పక్కనున్నది చూడకుంటె ఎట్ల నాయినా, టికెట్ పైసలు దండుగ గదా" అని మావాడు జవాబిచ్చాడు. ఈ వాదనలో లోపం నాకు కనిపించలేదు. చూడని దేశం చూసిన దేశానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి, దీన్ని నిష్ఠగా పాటిస్తే పోయినవాడు కాలినడకన చైనా మీదుగా ఇంటికి చేరాలి.

షెంజెన్ వీసా ఒక్కటి ఉంటే ఐరోపాలో 29 దేశాల్లో తిరగవచ్చు. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోసెల్ నది మీద ఒక పడవలో ఐదు దేశాల ప్రతినిధులు కూర్చొని, మన మధ్య సరిహద్దు తనిఖీలెందుకని సంతకాలు చేసుకున్నారు. నది గాలికి ఉదారబుద్ధి కలగడం సహజమే. అయితే లోపలి సరిహద్దుల్లో ఖాళీ అయిన కాగితాలన్నీ క్రమంగా బయటి గుమ్మం దగ్గర పోగుపడ్డాయి, మన పిల్లలు నిలబడేది ఆ గుమ్మం ముందే. నిబంధన ప్రకారం ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మావాడు ఎక్కడా నిలకడగా ఉండడు కాబట్టి ఆ భారం నెదర్లాండ్స్ మీద పడింది. దరఖాస్తు ఆరు నెలలకన్నా ముందు పెట్టరాదు, ప్రయాణానికి పదిహేను రోజులకన్నా దగ్గరపడేదాకా ఆగరాదు. రుసుం 90 యూరోలు, వీసా ఇవ్వకపోయినా తిరిగి ఇవ్వరు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కావాలి, అందులో అక్కడ మరణిస్తే దేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా కలిసి ఉండాలి. ఈ చివరి వాక్యాన్ని మా అక్కకు చదివి వినిపించరాదని కుటుంబంలో ఏకగ్రీవంగా తీర్మానించాం.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం బ్యాంకు స్టేట్‌మెంట్. మావాడి జీతం ఒకటో తారీఖున వచ్చి, పదో తారీఖుకల్లా ఇంటి వాయిదాకు, కారు వాయిదాకు, క్రెడిట్ కార్డుకు పంపకమై వెళ్లిపోతుంది. వీసా అధికారి చూడదలచుకునేది మాత్రం వచ్చి పోయే డబ్బును కాదు, నిలిచి ఉన్న డబ్బును. దరఖాస్తు ముందు రోజు ఎవరి దగ్గరో తెచ్చి వేస్తే ఆ కొత్త డబ్బు మీద వెంటనే అనుమానం వస్తుంది. కొత్తావకాయలాగ అది కొన్నాళ్లు ఖాతాలో ఊరాలి. అందుకని సంక్రాంతి కాగానే మావాడు తండ్రి ముందు కూర్చున్నాడు. బత్తాయిలు అమ్మిన డబ్బు మా బావ దగ్గర ఉంది.

"ఇస్త గాని, ముట్టొద్దు" అన్నాడు బావ.

"ముట్టను నాయినా. ఉత్తగ చూపిస్త అంతే."

"ముట్టనప్పుడు ఎందుకురా మరి?"

"వాళ్లు చూస్తరు."

బావ చాలాసేపు ఆలోచించాడు. పెళ్లిచూపుల్లో చూపించడానికి పక్కింటి సోఫాలు తెచ్చుకున్నవాళ్లను ఆయన ఎరుగును గనుక, చివరికి విషయం అర్థమైంది. డబ్బు ఖాతాలో పడింది. దానితోపాటు, మనిషి తప్పకుండా తిరిగి వస్తాడనడానికి రుజువుగా పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఇంగ్లీషు అనువాదంతో సహా, జతచేశారు. నాలుగెకరాల బత్తాయి తోట, రెండెకరాల చెలక, ఒక బోరు. డచ్చి అధికారి ఎవరో ఈ సర్వే నంబర్లను శ్రద్ధగా పరిశీలించి, ఆమ్‌స్టర్‌డామ్ కాలువల అందానికి మతిపోయినవాణ్ణి కూడా బోరు మోటారు కాలిపోయిందన్న ఒక్క ఫోను వెనక్కి లాక్కురాగలదని గ్రహించి ఉంటాడు. ఇందులో ఆయన అంచనా తప్పని నేను అనలేను. కంపెనీ ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, 35 మిల్లీమీటర్లకు 45 మిల్లీమీటర్ల ఫొటోలు, "నేను గడువులోగా తిరిగి వస్తానని హామీ ఇస్తున్నాను" అంటూ మూడుచోట్ల చెప్పిన లేఖ ఎటూ ఉండనే ఉన్నాయి. బయలుదేరకముందే తిరిగి వస్తానని ఇన్నిసార్లు ప్రమాణం చేయవలసిన పని, నాకు తెలిసి, ఇంకొకటి లేదు.

ఈ సందర్భంలో పాలమూరు వాళ్ల నిర్లక్ష్యాన్ని ఖండించక తప్పదు. మహబూబ్‌నగర్, నారాయణపేట పల్లెల నుంచి బొంబాయికి, పూణెకు పనికి పోయే కుటుంబాలు తరతరాలుగా మూటలో బియ్యం, గిన్నెలు కట్టుకొని, చంకన పిల్లను ఎత్తుకొని బస్సెక్కుతున్నాయి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో పట్టిక ఉండదు, వసతి బుకింగ్ ఉండదు, బీమా ఉండదు, తిరుగు టికెట్ ఎప్పటిదో వాళ్లకే తెలియదు. వీపున బరువుతో, చేతిలో చాలీచాలని డబ్బుతో, ముందస్తు ఏర్పాట్లేవీ లేకుండా సాగే ఇలాంటి ప్రయాణాన్నే నేటి యువత ఆదర్శంగా భావిస్తోంది కదా. అయినా ఇంతకాలంగా వాళ్లను సాహస యాత్రికులుగా ఎవరూ గుర్తించలేదంటే, దారిలో ఫొటోలు తీసి పెట్టుకోవాలన్న శ్రద్ధ వాళ్లకు లేకపోవడమే కారణమై ఉండాలి.

సంచి విషయానికి వస్తే, చౌక విమానాల్లో చేతి సామానుకు మామూలుగా ఏడు కిలోలే అనుమతి. ఖాళీ సంచి బరువు కిలోన్నర. మేనేజరు ప్రేమకు గుర్తుగా ల్యాప్‌టాప్, దాని చార్జరు రెండున్నర కిలోలు. మిగిలిన మూడు కిలోల్లో పదహారు రోజుల బట్టలు, మా అమ్మ అభిమానం సర్దుకోవాలి. మా అమ్మ, అంటే మావాడి అమ్మమ్మ, మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు, ఒక డబ్బా నెయ్యి ఆ మూడు కిలోల కోసం సిద్ధం చేసింది; బట్టలు అక్కడ కొనుక్కోవచ్చని ఆమె అభిప్రాయం. నెయ్యి దగ్గర పేచీ వచ్చింది. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాలవాళ్లు మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకురాకూడదన్న నియమం ఉంది. "మన బర్రె నెయ్యి తింటే ఆళ్లకేం నొప్పిరా?" అని ఆమె నన్ను నిలదీసింది. పశువుల రోగాలు వ్యాపించకుండా ఆ ఏర్పాటని వివరించబోయాను. తన బర్రెకు రోగమా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తొక్కు సంగతి మరింత చిక్కు: చేతి సామానులో ద్రవపదార్థాల సీసా 100 మిల్లీలీటర్లు మించరాదు, మరి నూనె తేలే తొక్కు ద్రవమా, ఘనమా? ఆమె ఇంకో రెండు గరిటెల కారం కలిపి నూనె కనబడకుండా చేసి, ఇప్పుడు ఘనమేనని తీర్పు చెప్పింది.

ఇక పట్టిక. పద్నాలుగు పేజీల ఈ పట్టికను రూపొందించడానికి మావాడు వెచ్చించిన రాత్రులను లెక్కవేస్తే, అన్ని రాత్రుల్లో పది దేశాలూ తీరుబడిగా తిరిగి రావచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీలకు దొరక్కుండా దాక్కొని డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్ ఇంటి టికెట్లు ప్రతి మంగళవారం, ఆరు వారాల తరువాతి సందర్శనకు విడుదలవుతాయి. అక్కడ విషాదం అనుభవించాలన్న కోరిక ఆరు వారాల ముందే పుట్టాలన్నమాట. పారిస్‌కు కేటాయించిన ఒకే ఒక్క రోజు మే 26. అది మంగళవారం, లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఈ విషయం తెలిసేసరికి ముందు వెనక రైళ్లన్నీ బుక్కయిపోయాయి కాబట్టి, మోనాలిసాను బయటి గోడల మీదుగా గౌరవించాలని నిశ్చయించారు. స్విట్జర్లాండ్ మంచుకొండల్లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు మే 28 ఉదయం చేరతాడు, ఆ పూట మబ్బు ఉండదని పట్టికలో నమోదైంది. రైళ్లకు యూరైల్ పాసు తీసుకున్నాడు. రెండు నెలల్లో ఏ పది రోజులైనా ఎక్కడికైనా ఎక్కవచ్చునన్న హామీ చూసి మురిసిపోయాక, ఫ్రాన్స్, ఇటలీల వేగపు రైళ్లకూ రాత్రి రైళ్లకూ సీటు విడిగా డబ్బు కట్టి ముందే రిజర్వు చేసుకోవాలన్న సంగతి తెలిసింది. స్వేచ్ఛకు పాసు, కూర్చోవడానికి టికెట్టు.

జూన్ 2 ముచ్చట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన అవతరణ దినోత్సవం పుణ్యాన ఒక సెలవు మిగిలిందని సంబరపడి, ఆ రోజున రోములో కొలోసియం పెట్టుకున్నాడు. అదే జూన్ 2 ఇటలీకి గణతంత్ర దినోత్సవం. 1946లో ఆ రోజున వాళ్లు రాజును వద్దనుకునే ఓటు వేశారు. కొలోసియం ముందున్న వీధిలోనే సైనిక కవాతు జరుగుతుంది, కాబట్టి ఆ ఉదయం దారులు మూసేస్తారు. పరేడ్ గ్రౌండ్ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లింపులు తప్పించుకోవడానికి ఏడు సముద్రాలు దాటినవాడికి అక్కడా మళ్లింపే ఎదురవుతుందంటే, రాష్ట్ర పండుగను ఎగ్గొట్టడం అంత తేలిక కాదని తెలుస్తోంది. మావాడు కుంగిపోలేదు. జూన్ మొదట్లో రోములో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది గనుక, ఆ వెలుతురునంతా సాయంత్రం పద్దులో జమవేసుకున్నాడు.

ఇంత చేసినా పాస్‌పోర్టులో పది దేశాల ముద్రలు పడవు. లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేనందువల్ల ఎప్పుడైనా పడేవి రెండే, వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. 2025 అక్టోబర్ 12న మొదలై 2026 ఏప్రిల్ 10 నాటికి పూర్తి అమలుకు గడువు పెట్టుకున్న కొత్త పద్ధతిలో అవి కూడా పోయి, వేలిముద్రలు, ముఖం ఫొటో కంప్యూటరులో నమోదవుతాయి. పది దేశాలు తిరిగినట్టు ఊళ్లో చూపించుకోవడానికి ఒక్క ముద్రయినా దొరకదని తెలిసి బావ నిజంగా బాధపడ్డాడు. ముట్టకుండా చూపించడానికే అయితే బత్తాయి పైసలు ఇచ్చాడు, ఇప్పుడు చూపించడానికి కూడా ఏమీ లేదు.

పట్టికను ఆసాంతం చదివిన మీదట నాకు ఒక్క విషయం తృప్తి కలిగించింది. పదకొండో పేజీలో, వియన్నాలో రెండో రోజు, అటు రాజప్రాసాదానికీ ఇటు బ్రాటిస్లావా రైలుకూ మధ్య, "స్వేచ్ఛా సమయం: సాయంత్రం 4 నుంచి 4.30 వరకు" అని ఉంది. మొత్తం యాత్రలో ఎవరి అనుమతీ అక్కరలేని సమయం అదొక్కటే. ఆ అరగంటలో ఏం చేస్తావని అడిగితే, ఏమీ చేయను మామా, ఊరికే ఏదో ఒక వీధి వెంట నడుస్తానన్నాడు. నేను అతని భుజం తట్టాను. పక్కనే కూర్చున్న మా అక్క పట్టిక తనవైపు తిప్పుకొని, కళ్లజోడు సవరించుకొని, ఆ వరస మీద వేలు పెట్టింది.

"నాలుగంటె మనకు ఏడున్నర. అప్పటికి అందరం ఇంట్లనే ఉంటం. వీడియో కాల్ చెయ్యి."

మావాడు ల్యాప్‌టాప్ తెరిచి ఆ గడి సవరించాడు.