అల్లుడుగారి టిఫిను

విజయవాడలో ఎక్కడ తినాలని అడిగితే జాబితా చెప్పని మనిషి ఉండడు. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీతో ఆ జాబితా మొదలవుతుంది. మధ్యాహ్నానికి మీగడ కలిపిన ఉలవచారు దాకా వస్తుంది. సాయంత్రం బండి మీది పునుగులనూ అల్లం పచ్చడినీ దాటుకుని, రాత్రికి ఫుడ్ కోర్టులో తేలుతుంది. అప్పటికీ ఆకలి తీరనివారికి వారధి దాటితే గుంటూరు ఉండనే ఉంది. శంకర్ విలాస్ అనే హోటల్ పేరు సెంటరుకూ, సెంటరు పేరు రైలు పట్టాల మీది వంతెనకూ అంటుకుపోయిన ఊరది. టిఫిను పట్ల ఆ ఊరికి గల భక్తిని ఎవరూ శంకించనక్కరలేదు.

అయితే ఏ హోటల్లో ఏది తినాలో చెప్పే ఈ జాబితాలు అక్కడ కుర్చీ ఎలా సంపాదించాలో మాత్రం చెప్పవు. రద్దీ వేళ మన టిఫిన్ హోటల్లో మనల్ని కూర్చోబెట్టే నాథుడు ఉండడు. తింటున్నవారిలో ఒకరిని ఎంచుకుని, ఆయన వీపు వెనుక నిలబడాలి. ఆ ఎంపికలోనే ఉంది నేర్పంతా. పచ్చడి అడుగంటిన పళ్లెం ఆశాజనకమైనది. రెండోసారి సాంబారు పోయించుకునేవారిని నమ్మరాదు. చిన్నపిల్లలతో వచ్చినవారి జోలికి అసలే పోరాదు. వెనుక ఒకడు నిలబడి తన ప్రతి ముద్దనూ లెక్కపెడుతున్నాడని తినేవారికి తెలుసు. అయినా తెలియనట్లే తింటారు, చివరి ముక్క నోట్లో పెట్టుకుని, మనం కుర్చీ మీద చెయ్యి వేయబోయే సమయానికి సర్వరును పిలిచి కాఫీ తెమ్మంటారు. అంతకన్నా నిర్దాక్షిణ్యమైన మాట ఈ ఊళ్లో మరొకటి లేదని నా అభిప్రాయం.

బెంగళూరులో పెరిగిన మా అల్లుడుగారికి ఈ విద్య తెలియదు. గుమ్మం దగ్గర పేరు రాయించుకుంటే లోపలివారే పిలిచి కూర్చోబెట్టే హోటళ్లకు అలవాటు పడిన మనిషి. పెళ్లయిన తరువాత మొదటి సంక్రాంతికి వస్తూ, విజయవాడ, గుంటూరులలో తప్పక తినవలసిన హోటళ్ల జాబితా ఒకటి ఫోనులో రాసుకుని మరీ వచ్చారు. ఇంట్లో అరిసెలూ సున్నుండలూ జంతికలూ డబ్బాల నిండా ఉండగా అల్లుడు హోటలుకు బయలుదేరడం మా ఆవిడకు మింగుడుపడలేదు. కానీ అల్లుడి మాట కాదనే ధైర్యం ఈ జిల్లాలో ఏ అత్తగారికీ లేదు కనుక, ఆ కోపాన్ని నాకొక షరతుగా మార్చి, “మీరేం చేస్తారో నాకు తెలియదు, ఆయన్ని మాత్రం నిలబెట్టకండి” అని చెప్పి పంపింది.

నిలబడనిదే కుర్చీ దొరకని చోట అల్లుణ్ణి నిలబెట్టకుండా టిఫిను పెట్టించాలి. గవర్నర్‌పేటలోని ఒక హోటల్‌కు మేము చేరేసరికి, భోగి మంటలు చల్లారిన తరువాత హైదరాబాదు నుంచి పండక్కి దిగిన జనమంతా అక్కడే ఉన్నట్టనిపించింది. నేను శాస్త్రప్రకారం ఒక పళ్లెం వెనుక నిలబడి, నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఒక కుర్చీ సాధించి, అందులో అల్లుడుగారిని కూర్చోబెట్టి, ఆయన కుర్చీ వెనుకనే చేతులు కట్టుకుని నిలుచున్నాను. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లడం వల్ల కాబోలు, పక్క బల్ల పెద్దమనిషి నా వైపు గ్లాసు చాపి, “మంచినీళ్లు పట్రావయ్యా” అన్నాడు. పండగపూట గొడవెందుకని తెచ్చి ఇచ్చాను. దానితో వెనుక బల్లవారు సాంబారు అడిగారు.

నేను ఆ సాంబారు సంగతి చూసి వచ్చేలోపల బల్ల మీదికి నెయ్యి కారం ఇడ్లీ వచ్చింది. కారప్పొడి పూసిన ఎర్రని ఇడ్లీల చుట్టూ వేడి నెయ్యి పళ్లెం అంచు దాకా పారుతూ ఉండగా, ఎవరిదని విచారించే స్థితి ఎవరికి ఉంటుంది? అల్లుడుగారు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆపకుండా ఒకటి పూర్తిచేసి, రెండోదాన్ని తుంచారు. అంతలో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుని, ఆ పళ్లెం వంకా, అల్లుడుగారి వంకా, వెనుక నిలుచున్న నా వంకా మార్చి మార్చి చూశారు. మేము ఇంకా ఏమీ చెప్పలేదన్న సంగతి అప్పుడు గాని నాకు తట్టలేదు.

“కొత్త అల్లుడుగారా?” అని ఆయన నన్నే అడిగారు.

నేను తల ఊపాను. “మీరు నిలబడ్డ తీరు చూసే అనుకున్నాను. కానివ్వండి బాబూ, వేడి చల్లారితే బాగుండదు” అంటూ ఆయన సర్వరును పిలిచి, తాను చెప్పిన పెసరట్టు ఉప్మా కూడా ఆ బాబుకే పెట్టమన్నారు. విషయం అర్థమైన అల్లుడుగారు లేవబోయారు. సర్వరుతో సహా ముగ్గురం కలిసి కూర్చోబెట్టాము. పెద్దాయనకు మళ్లీ ఇడ్లీ చెప్పి డబ్బు నేనిస్తానంటే, “మా అల్లుడికి పెట్టాననుకుంటాను, ఊరుకోండి” అని ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆయన లేచినప్పుడు ఆ కుర్చీ న్యాయంగా నాకు రావలసినదే. కానీ నేను నమస్కారం పెడుతున్న ఆ రెండు క్షణాల్లో వెనుక నుంచి ఒక కుర్రవాడు దాని మీద కర్చీఫు వేశాడు.

ఇంటికి వచ్చాక అల్లుడుగారు హోటలును మనసారా మెచ్చుకుని, “మామయ్యగారే ఏమీ తినలేదండీ” అని అత్తగారికి నివేదించారు. ఆవిడ నా ముందు అరిసెల డబ్బా పెట్టింది. అందులో కొంత విజయగర్వం కూడా ఉంది. రేపు పండుగ కనుక ఇంట్లోనే తిని, ఎల్లుండి గుంటూరు వెళ్దామని అల్లుడుగారు అన్నారు. “ఎల్లుండి కనుమ బాబూ. కనుమనాడు కాకైనా కదలదు” అని మా ఆవిడ తేల్చిచెప్పింది. అల్లుడుగారు కాసేపు ఆలోచించి, గుంటూరు నుంచి మా వీధి దాకా పార్సిలు తెచ్చిపెట్టేవారు ఎవరైనా ఉన్నారేమోనని ఫోనులో వెతకసాగారు.