నలభై గజాల పరుగు గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ నలభై గజాల పరుగు గారి సముఖమునకు,

ఇండియానా రాష్ట్రం, ఫిషర్స్ పట్టణం నుంచి ఒక తెలుగు తండ్రి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయం అన్నది మాటవరసకే గాని ఇక్కడ కుశలం అంతంతమాత్రం. తమ కుశలానికి మాత్రం లోటుండదని తెలుసు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్.ఎఫ్.ఎల్. లోకి రాబోయే కుర్రవాళ్ళను పరుగెత్తించి, కొలిచి చూసే కంబైన్ పేరుతో, 1987 నుంచి, 2021 ఒక్క ఏడు తప్ప, ఏటేటా తమ తిరునాళ్ళు మా ఇండియానాపోలిస్‌లోనే జరుగుతున్నాయి, ఆ లీగులోని 32 జట్ల తరఫున పెద్దమనుషులు స్టాప్‌వాచీలు చేతబట్టుకుని తమ సేవకు వస్తున్నారు.

తమరితో నాకు ఇదివరకు తగాదా ఏమీ లేదు. ఏటా టీవీ ముందు కూర్చుని, ఎవడు 4.3 సెకన్లలో వచ్చాడు, ఎవడు 4.6 దగ్గర ఆగిపోయాడు అని నోరు తెరుచుకుని చూసినవాడినే. మొన్న శనివారం దాకా.

ఆ శనివారం పదమూడేళ్ళ మావాణ్ణి ఇక్కడి పిల్లల జట్టు ఎంపికకు తీసుకెళ్ళాను. తొమ్మిదింటికి రమ్మన్నారు, మావాడి వంతు పన్నెండున్నరకు వచ్చింది. మార్చి నెల ఈదురుగాలిలో, మడతకుర్చీలో, చల్లారిపోయిన కాఫీతో మూడున్నర గంటలు కూర్చున్న తరువాత, 6.04 సెకన్లలో అంతా ముగిసింది. కోచ్ ఫోను వంక చూసుకుని, అట్టమీద ఏదో గీసుకుని, తరువాతి పిల్లవాణ్ణి పిలిచాడు. సాయంత్రానికి ఒక పట్టిక వచ్చింది. కటాఫ్ 5.80. మావాడి గడి ఎర్రగా ఉంది. బంతి విసిరి పట్టుకోమనే పరీక్ష కూడా ఒకటి ఉన్నదట, కాని అది కటాఫ్ దాటినవాళ్ళకు మాత్రమేనట. మావాడు రిసీవరు. అంటే వాడి పని బంతి పట్టుకోవడం. వాడికి ఆ రోజు ఒక్క బంతి కూడా విసరలేదు.

అది నేను మరచిపోలేకుండా ఉన్నాను. అందుకే తమ పుట్టుపూర్వోత్తరాలు తవ్వవలసి వచ్చింది, క్షమించగలరు. క్లీవ్‌లాండ్ జట్టులో కోచ్ పాల్ బ్రౌన్ గారి హయాంలో తమరు ఒక చిన్న కొలువులో చేరారని చెప్పుకుంటారు. పంట్ కొట్టిన బంతి, అంటే ఎదుటి జట్టు వైపు కాలితో ఎత్తుగా తన్నిన బంతి, గాలిలో ఉండేది ఇంచుమించు నాలుగున్నర సెకన్లు, అది వెళ్ళి పడేది నలభై గజాల అవతల. బంతి నేలకు దిగేలోగా అక్కడికి చేరగలిగేవాళ్ళు ఎవరో ఏరుకోవడానికి తమరిని పెట్టుకున్నారట. సబబైన పనే. ఒక పనికి ఒక కొలత. కాని వాకిట్లో కాపలాకు పెట్టుకున్న మనిషి నెమ్మదిగా ఇంట్లోకి వచ్చి, తాళంచెవులు బొడ్లో దోపుకుని, కోడలు ఎవరో అల్లుడు ఎవరో తేల్చే స్థితికి ఎలా వచ్చాడన్నదే నా సందేహం. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్ళను అడ్డుకునే నూట నలభై కిలోల లైన్‌మన్ తన జీవితకాలంలో తిన్నగా నలభై గజాలు పరిగెత్తే సందర్భం ఎన్నిసార్లు వస్తుందో తమరే సెలవివ్వాలి. అతణ్ణి కూడా తమరు పరిగెత్తిస్తారు, అందరూ గంభీరంగా రాసుకుంటారు.

మా పక్క పెళ్ళిచూపులని ఒక తంతు ఉండేది. పిల్ల ఎత్తెంత, జడ పొడుగెంత, ఒకసారి అలా నడిచి చూపించమ్మా అని అడిగి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఆ పిల్ల మనసేమిటో, మాటేమిటో తెలుసుకునే ప్రయత్నం ఎవరూ చేసేవారు కాదు. తమ తిరునాళ్ళలో కుర్రవాళ్ళను చెడ్డీలతో నిలబెట్టి ఎత్తు, బరువు, చేయి పొడవు, అరచేతి వెడల్పు కొలవడం చూసినప్పుడల్లా నాకు మా మేనత్త పెళ్ళిచూపులే గుర్తుకొస్తాయి. జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరో అరచేయి తొమ్మిది అంగుళాలేనని 2020లో ఎంత చర్చ జరిగిందో తమరికి తెలియనిది కాదు. రెండేళ్ళు తిరగకముందే ఆ చిన్న చేతులతోనే సిన్సినాటి జట్టును లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు తీసుకెళ్ళాడు. 5.28 సెకన్లలో ఆయాసపడుతూ గీత దాటి, జట్లు వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఏరుకునే డ్రాఫ్టులో 2000లో 199వ వాడిగా ఎంపికై, ఏడు సూపర్ బౌల్ విజేత ఉంగరాలు సంపాదించిన టామ్ బ్రేడీ సంగతి ఎత్తను. అది అందరూ చెప్పేదే, తమరూ విని విని విసిగి ఉంటారు.

సిన్సినాటి పేరు వచ్చింది కనుక 2017 గురించి మాట్లాడుకుందాం. ఆ ఏడు మా ఊళ్ళో జాన్ రాస్ తమరిని 4.22లో ముగించాడు, 2008లో క్రిస్ జాన్సన్ నెలకొల్పిన 4.24 తొమ్మిదేళ్ళ తరువాత బద్దలైంది. సిన్సినాటి బెంగాల్స్ అతణ్ణి తొమ్మిదో ఎంపికగా తీసుకున్నారు. పదో ఎంపిక, తరువాత లీగులోనే మేటి క్వార్టర్‌బ్యాక్ అయిన ప్యాట్రిక్ మహోమ్స్, కాన్సస్ సిటీకి వెళ్ళాడు, ఆ పుండు మీద కారం చల్లను. అదే డ్రాఫ్టులో ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న విశ్వవిద్యాలయం నుంచి కూపర్ కప్ అనే రిసీవరు వచ్చాడు. అతను కాలేజీలో పట్టిన బంతులు 428, బంతితో గోలుగీత దాటిన టచ్‌డౌన్లు 73. తమ దర్బారులో అతని సమయం 4.62. ఆ 0.40 సెకన్ల తేడాకు విలువ కట్టి అతణ్ణి 69వ వాడిగా నిలబెట్టారు, లాస్ ఏంజెలస్ రామ్స్ తీసుకుపోయారు. రాస్ తొలి ఏడాది గాయాల మధ్య ఒక్క బంతి కూడా పట్టలేదు. అందులో అతని తప్పేమీ లేదు, అతణ్ణి తొమ్మిదో స్థానంలో కూర్చోబెట్టింది అతను కాదు, తమరు. 2021లో కప్ 145 బంతులు పట్టి 1,947 గజాలు సాధించాడు. ఆపైన 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? బెంగాల్స్. ఆట ఇంకా నిమిషంన్నర కూడా లేదు, రామ్స్ వెనుకబడి ఉన్నారు, కప్ టచ్‌డౌన్ పట్టాడు, 23–20తో గెలిచారు. ఆ పట్టు ఎంత దూరంలో నుంచో తెలుసా? ఒక్క గజం. మిగిలిన ముప్ఫైతొమ్మిది తమ దగ్గరే ఉంచుకోండి.

ఇక మా ఇంటి సంగతి. 2017 నుంచి మా ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా ఉన్న క్రిస్ బాలర్డ్ గారు తమ పరమభక్తులలో ఒకరు. పరుగు, ఎగురుడు, దూకుడు, ఎత్తు, బరువు అన్నీ కలిపి పదికి మార్కులు వేసే ఆర్.ఏ.ఎస్. అనే లెక్క ఒకటుంది కదా, దానిలో తొమ్మిది దాటినవాడు కనబడితే మా డ్రాఫ్టు గదిలో కర్పూరం వెలిగిస్తారని మేము జోకులు వేసుకుంటాం. 2023లో నాలుగో ఎంపికగా ఆంథనీ రిచర్డ్‌సన్ వచ్చాడు. 244 పౌండ్ల మనిషి 4.43లో పరిగెత్తాడు, నిలబడ్డచోటనుంచి నలభైన్నర అంగుళాలు ఎగిరాడు, పదికి పది తెచ్చుకున్నాడు. కాలేజీలో అతను ఆట మొదటినుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగినవి పదమూడు ఆటలు, చివరి ఏడాది విసిరిన వంద బంతుల్లో చేరవలసినవాళ్ళకు చేరినవి యాభై నాలుగు కూడా లేవు. ఈ రెండో సంగతి మాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా ఆ నలభైన్నర అంగుళాలు చూసి నేను కూడా ఇంట్లో గంతులు వేశాను, అబద్ధం ఎందుకు. తొలి ఏడు భుజానికి శస్త్రచికిత్స. రెండో ఏడు, 2024 అక్టోబరులో హ్యూస్టన్‌తో ఆడుతూ, మూడో డౌన్‌లో, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి, అలసిపోయానని ఆ ఒక్క ప్రయత్నం సేపు పక్కకు వచ్చేశాడు. పదికి పది తెచ్చుకున్న దేహం అలసిపోయింది! అలసటకు తమ దగ్గర కొలత లేదు, ఎందుకంటే తమరు ముగిసేదే నాలుగున్నర సెకన్లలో. తరువాతి ఆటకు ముప్ఫైతొమ్మిదేళ్ళ జో ఫ్లాకో గారు ఆ స్థానంలో నిలబడ్డారు.

2025 సెప్టెంబరులో లాస్ ఏంజెలస్‌లో రామ్స్‌తో మా ఆట. అడొనై మిచెల్, తమ దగ్గర 4.34 తెచ్చుకున్నవాడు, 2024లో మా 52వ ఎంపిక, బంతి పట్టుకుని అందరినీ వెనక్కు నెట్టేసి ఒంటరిగా దూసుకుపోయాడు. సోఫాలో నుంచి లేచి నిలబడ్డాం. గీత ఇంకో అడుగు ఉందనగా బంతి చేజారి బయటకు పోయింది. ఆ రోజు అవతలివైపు 13 బంతులు పట్టి 170 గజాలు సాధించినవాడు పూకా నకువా. 2023లో 177వ వాడిగా మిగిలిపోయి, తొలి ఏడాదే 1,486 గజాలతో అరవై ఏళ్ళ నాటి కొత్త ఆటగాళ్ళ రికార్డు చెరిపేసినవాడు. వాళ్ళ జనరల్ మేనేజర్ లెస్ స్నీడ్, కోచ్ షాన్ మెక్‌వే కొన్నేళ్ళుగా తమ తిరునాళ్ళకు మా ఊరు రావడమే మానేశారు. ఇంట్లో కూర్చుని ఆటల వీడియోలు చూసుకుంటారట.

ధర్మం తప్పకుండా ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజు చివర్లో మమ్మల్ని ముంచింది రామ్స్ రిసీవరు టూటూ ఆట్‌వెల్ 88 గజాల టచ్‌డౌన్. అది శుద్ధమైన వేగం, తమ సొత్తే. మా జొనాథన్ టేలర్ 4.39లో పరిగెత్తినవాడు, 2021లో బంతి చేతబట్టి పరిగెత్తిన గజాల్లో 1,811తో లీగు మొత్తానికీ ముందు నిలిచినవాడు. అతను వెనకాలవాళ్ళను వదిలేసి వెళ్ళిపోతుంటే తమరికి దండం పెట్టాలనే అనిపిస్తుంది. వేగం అబద్ధమని నేననను. అంకెల మీద నాకు కోపమూ లేదు, పగలంతా డేటాబేసుల మధ్య బతికేవాణ్ణి. 2014 నుంచి ఆటగాళ్ళ భుజకవచాల్లో చిప్‌లు పెట్టడం మొదలైంది. ఆట మధ్యలో, బంతి గాలిలో ఉండగా, ఎదుటివాడు మీద పడుతుండగా, ఎవడు ఎంత వేగంగా ఉన్నాడో, ఎంత త్వరగా మళ్ళాడో అవి చెబుతాయి. అదీ లెక్కే. దాన్ని చదవాలంటే మాత్రం కూర్చుని ఆట చూడాలి. తమరితో ఆ బాధ లేదు.

నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్ గారు, కేడ్ మాసీ గారు కలిసి, జట్లు ముందువరుస ఎంపికలకు విలువకు మించి చెల్లిస్తాయని లెక్కలు కట్టి మరీ చూపించారు. ఎవరు విన్నారు? 2009లో ఓక్లాండ్ రైడర్స్ యజమాని ఆల్ డేవిస్ 4.30 చూసి డారియస్ హేవర్డ్-బేను ఏడో ఎంపికగా తీసుకుంటే, పాదం గాయం వల్ల పరిగెత్తలేకపోయిన మైకేల్ క్రాబ్‌ట్రీ పదో స్థానంలో పక్క ఊరు శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు దొరికాడు. ఆ ఏడు హేవర్డ్-బే పట్టిన బంతులు 9, క్రాబ్‌ట్రీ పట్టినవి 48.

తమ దర్బారులో ముగింపుగీత దగ్గర కిరణం ఉంటుంది, బయలుదేరేచోట మాత్రం కదలిక చూసి బొత్తాం నొక్కేది మనిషి. ఆ వేలు ఒక రెప్పపాటు ఆలస్యమైతే వందో వంతులకు కోట్ల డాలర్లు మారతాయి. అందుకే ఆ కుర్రవాళ్ళు రెండు నెలలపాటు ఎలా వంగాలో, చేయి ఎక్కడ ఆనించాలో కోచింగ్ తీసుకుని వస్తారు. ఎంసెట్ కోచింగ్ చూసినవాణ్ణి, నాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మరి మావాడికి? కిరణమూ లేదు, కోచింగూ లేదు. ఒక మనిషి బొటనవేలు, ఒక పగిలిన ఫోను. ఆ వేలు నొక్కుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. మావాడు వాలుగా వచ్చే బంతిని భుజం మీదుగా ఎలా అందుకుంటాడో, తనను కాపు కాసే ఎదుటి జట్టు కార్నర్‌ను ఒక్క మెడ విసురుతో ఎలా తప్పుదారి పట్టిస్తాడో ఆయన చూడలేదు. చూడనవసరం లేకుండా నువ్వు చేశావు. అవును, నువ్వే. నీ వల్ల చూడవలసినవాళ్ళు చూడడం మానేశారు. మూడున్నర గంటలు కూర్చోబెట్టావు, ఒక్క బంతి, ఒకే ఒక్క బంతి విసరనివ్వలేదు. ఇంటికి వస్తూ కారులో వాడు ఏమీ మాట్లాడలేదు. పెరట్లో తలుపుకు బంతి కొట్టి పట్టుకునే చప్పుడు ఆ రాత్రి వినబడలేదు.

క్షమించాలి, తమరు పెద్దలు, మాట తూలింది.

ఆదివారం ఉదయం గరాజ్‌లో ఉన్న వంద అడుగుల టేపు తీసుకుని ఆ మైదానానికి వెళ్ళాను. గడ్డి మీద కొట్టిన తెల్లరంగు గీతలు రెండూ ఇంకా ఉన్నాయి. ఒక కొస మావాడు పట్టుకున్నాడు. నాలుగుసార్లు కొలిచాం. నాలుగుసార్లూ 126 అడుగులే. అంటే నలభై రెండు గజాలు. నలభై కాదు. పరుగు చివర్లో మావాడి వేగం సెకనుకు ఎనిమిది గజాలు ఉంటుందనుకుంటే ఆ అదనపు రెండు గజాలకు పట్టేది 0.25 సెకను. 6.04లో అది తీసివేస్తే 5.79. కటాఫ్ 5.80.

అందరూ అదే నలభై రెండు గజాలు పరిగెత్తారు కదండీ అని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు ఈ లేఖలో చోటు చాలదు. టేపు ఫొటోలు, లెక్కలు, నాలుగు కొలతల సగటు, అన్నీ కోచ్‌కు ఈమెయిల్ చేసి మూడు రోజులైంది, జవాబు లేదు. కాబట్టి ఆ వందో వంతు సెకను విషయంలో తమరు కలుగజేసుకుని, మావాడి గడిని ఆకుపచ్చగా మార్పించి, వీలైతే ఒక బంతి విసరమని ఆయనకు చెప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
5.79 గారి తండ్రి